అమ్మకం పెరిగినా గల్లాపెట్టె ఎందుకు ఖాళీ?

చిన్న వ్యాపారం చేసేవారిని ఎలా నడుస్తోందని అడిగితే చాలామంది టర్నోవరే చెబుతారు. "ఈ నెల రెండున్నర లక్షలు అమ్మాం" అంటారు. అందులో మిగిలిందెంత, చేతికి వచ్చిందెంత అన్నది మాత్రం చెప్పరు. టర్నోవర్, లాభం, నగదు మూడూ మూడు వేర్వేరు లెక్కలు. వీటిని కలిపేసుకుంటే, బాగా అమ్ముడుపోయే సరుకున్నవారు కూడా జీతాల రోజున అప్పు కోసం తిరగాల్సి వస్తుంది.

ఒక పచ్చళ్ల యూనిట్ ఉందనుకుందాం. అంకెలు లెక్క తెలియడానికి వేసుకున్నవే. కిలో పచ్చడి ధర 400 రూపాయలు. కాయ, కారం, నూనె, సీసా కలిపి కిలోకు 250 ఖర్చవుతుంది. ఎంత ఎక్కువ చేస్తే ఈ ఖర్చు అంత పెరుగుతుంది. అద్దె, జీతాల వంటివి నెలకు 60,000. ఒక్క సీసా అమ్ముడుపోకపోయినా వీటిని కట్టాల్సిందే. అందుకే ఇవి స్థిర ఖర్చులు.

కిలోకు మిగిలే 150 రూపాయలే మార్జిన్. 60,000ను 150తో భాగిస్తే 400 వస్తుంది. అంటే నెలకు 400 కిలోలు అమ్మితే లాభమూ ఉండదు, నష్టమూ ఉండదు. దీన్నే బ్రేక్ ఈవెన్ అంటారు. 600 కిలోలు అమ్మితే టర్నోవర్ 2,40,000, లాభం 30,000.

ఇప్పుడు నగదు చూద్దాం. ఆ సరుకులో సగం దుకాణాలకు అరువు మీద వెళ్లింది. చేతికి వచ్చింది 1,20,000. కట్టాల్సింది సరుకుకు 1,50,000, స్థిర ఖర్చులకు 60,000. పుస్తకంలో 30,000 లాభం కనిపిస్తుంటే, పెట్టెలో 90,000 తక్కువ పడింది. ఈ లోటును పూడ్చే డబ్బే వర్కింగ్ క్యాపిటల్. ఆవకాయకైతే ఇది మరీ ఎక్కువ కావాలి. కాయ, కారం వేసవిలోనే కొనిపెట్టుకోవాలి, అమ్మకమేమో ఏడాది పొడవునా సాగుతుంది.

అరువుకు చట్టం గడువు పెట్టింది. 2006 నాటి ఎంఎస్ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు కొనుగోలుదారు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలి. రాతపూర్వక ఒప్పందం లేకపోతే గడువు 15 రోజులే. అది దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ పడుతుంది. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేస్తే ఈ హక్కు ఎదుటివారికి ముందే తెలుస్తుంది.

ఇక డిస్కౌంట్ సంగతి. పది శాతం తగ్గిస్తే ధర 360 అవుతుంది, మార్జిన్ 150 నుంచి 110కి పడిపోతుంది. అదే 30,000 లాభం రావాలంటే 600 కాదు, దాదాపు 818 కిలోలు అమ్మాలి. ధరలో పోయింది పదో వంతే అయినా, అమ్మకం మూడో వంతుకు మించి పెరగాలి.

యజమాని నాయకత్వం తేలేది ఇక్కడే. సేల్స్ కుర్రాళ్లకు టర్నోవర్ టార్గెట్ ఒక్కటే పెడితే, వాళ్లు డిస్కౌంటూ అరువూ ఇచ్చేసి దాన్ని చేరుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు. మనం ఏది కొలుస్తామో వాళ్లు అదే పెంచుతారు. ఇన్సెంటివ్‌ను అమ్మిన దాని మీద కాకుండా వసూలైన దాని మీద లెక్కగట్టాలి. ఏ సరుకు మీద ఎంత మార్జిన్ ఉందో, ఎంతవరకు ధర తగ్గించవచ్చో వాళ్లకు దాచకుండా చెప్పాలి. ప్రతి సోమవారం ఒక్క కాగితం మీద అమ్మింది, మిగిలింది, వసూలైంది పక్కపక్కన రాసి అందరికీ చూపించాలి. ఆ మూడు అంకెలూ తెలిసినవాళ్లు అరువు అడిగిన దుకాణదారుడికి ఏం చెప్పాలో యజమానిని అడగకుండానే తేల్చుకోగలుగుతారు.