మీ గేటు కార్డుకు నకలు తీయొచ్చా?

అపార్ట్‌మెంట్‌లో, ఆఫీసులో మీరు ట్యాప్ చేసే కార్డులో చిన్న చిప్ ఉంటుంది. సరైన డిజిటల్ కీ ఉన్న రీడర్‌కే అది లోపలి వివరాలు ఇవ్వాలి. కానీ లండన్ ఆయిస్టర్ ప్రయాణ కార్డుల్లో అప్పట్లో వాడిన మైఫేర్ క్లాసిక్ చిప్ రక్షణను 2008లో నెదర్లాండ్స్‌లోని రాడ్‌బౌడ్ యూనివర్సిటీ పరిశోధకులు ఛేదించారు. కార్డుకు నకలు తీయొచ్చని తేల్చారు.

లోపం ఎక్కడుంది?
కీ పొడవు 48 బిట్లే. చిప్ ఇచ్చే ర్యాండమ్ నంబర్లను ముందే ఊహించొచ్చు. ఎన్‌క్రిప్షన్ పద్ధతిని రహస్యంగా ఉంచడంతో బయటి నిపుణులు పరీక్షించలేకపోయారు. ఇది డిజైన్‌లోనే ఉన్న లోపం. ఫోన్‌లా అప్‌డేట్ చేస్తే పోదు, కార్డులే మార్చాలి.

ఎలా నివారించాలి?
ప్రపంచవ్యాప్తంగా నిపుణులు పరీక్షించిన ఏఈఎస్ లాంటి పద్ధతి వాడాలి. తయారీకి ముందే డిజైన్‌ను బయటివారితో తనిఖీ చేయించాలి.

మీరేం చేయాలి?
మీ కార్డులో ఏ చిప్ ఉందో అసోసియేషన్‌ను అడగండి. మైఫేర్ క్లాసిక్ అయితే మార్చమనండి. కార్డు పోతే వెంటనే బ్లాక్ చేయించండి.