జబ్బు చెప్పిన రైతే నష్టపోవాలా?

కోళ్లపై నిఘా: లాభం అందరికీ, భారం ఒక్కరికి

తణుకు: తెల్లవారి షెడ్డులోకి వెళ్లిన కోళ్ల రైతుకు పదో పరకో చచ్చి కనబడితే అంత ఆందోళన ఉండదు. మర్నాటికి అవి వందలైతే గుండె జారిపోతుంది. అప్పుడు అతని ముందున్నవి రెండే దారులు. పశువైద్యుడికి కబురు చేయడం ఒకటి. మిగిలిన కోళ్లను వచ్చిన ధరకు తెగనమ్మి, మాట బయటకు పొక్కకుండా చూసుకోవడం రెండోది. మొదటిది ఊరికి మేలు. రెండోది రైతుకు ఆ పూటకు మేలు.

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు ప్రాంతాల కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినట్లు భోపాల్ ప్రయోగశాల నిర్ధారించింది. నిబంధనల ప్రకారం జబ్బు బయటపడిన ఫారం చుట్టూ కిలోమీటరు లోపలి కోళ్లన్నింటినీ చంపి పూడ్చాలి. పది కిలోమీటర్ల వరకు నిఘా ఉంచాలి. ఆంధ్ర కోళ్ల లారీలను తెలంగాణ సరిహద్దులోనే ఆపివేశారు. చికెన్ ధర పడిపోయింది. జబ్బు సోకని ఫారాల వారూ నష్టపోయారు.

పరిహారం ఎవరికి?

అధికారులు చంపించిన కోళ్లకు, ధ్వంసం చేసిన గుడ్లకు, దాణాకు పరిహారం ఉంది. దానిని కేంద్రం, రాష్ట్రం చెరిసగం భరిస్తాయి. అయితే జబ్బుతో ముందే చచ్చిన కోడికి పైసా రాదు. ఖాళీ షెడ్డుకు, బ్యాంకు వడ్డీకి లెక్కే లేదు. త్వరగా చెప్పిన వానికే పరిహారం దక్కుతుందన్నది నిజమే. కానీ వచ్చింది కొక్కెర తెగులో, బర్డ్ ఫ్లూనో కంటికి తెలియదు. నమూనా భోపాల్ వెళ్లి ఫలితం వచ్చేలోగా కోళ్లు చస్తూనే ఉంటాయి.

చెప్పకపోతే?

అలాగని దాచితే ముప్పు ఇంకా పెద్దది. 1997లో హాంకాంగ్‌లో ఈ జబ్బు 18 మందికి సోకి ఆరుగురు మరణించారు. అక్కడి ప్రభుత్వం దాదాపు 15 లక్షల కోళ్లను చంపించింది. దానితో ఆ విడత మనుషులకు సోకడం ఆగింది. 2003 నుంచి ప్రపంచంలో ఈ జబ్బు సోకినట్లు నమోదైన వారిలో సుమారు సగం మంది చనిపోయారు. మన రాష్ట్రంలోనూ 2025 మార్చిలో పల్నాడు జిల్లాకు చెందిన రెండేళ్ల పాప దీనికి బలి అయింది. ఈ వైరస్ మనిషి నుంచి మనిషికి సులువుగా పాకడం నేర్చుకుంటే ఏమవుతుందో 2020 కరోనా చూసిన వారికి వేరే చెప్పనక్కరలేదు.

కనుక నిఘా ఖర్చు దండుగ కాదు. అయితే నిఘాకు మొదటి కన్ను పరికరం కాదు, షెడ్డులోని రైతు. కబురు అందిన నాటి నుంచి చచ్చిన కోళ్లను కూడా పరిహారం లెక్కలో చేర్చాలి. నమూనా ఫలితం త్వరగా రావాలి. లోకానికి మేలు చేసినవాడు అప్పుల పాలైతే, మరోసారి కబురు చేసేవారు ఉండరు.