ర్యాంకు చెప్పని సంగతి

2021 ఫిబ్రవరి. వెల్ష్ ఓపెన్ స్నూకర్ ఫైనల్. ఒకపక్క అప్పటికే ఆరుసార్లు ప్రపంచ ఛాంపియన్ అయిన రోనీ ఓసలివన్. మరోపక్క ప్రపంచ జాబితాలో 81వ స్థానంలో ఉన్న ఉత్తర ఐర్లాండ్ ఆటగాడు జోర్డన్ బ్రౌన్. టోర్నీకి ముందు బ్రౌన్ గెలుపు మీద పందెం 750కి 1. స్కోరు 8-8కి చేరింది. మిగిలిన ఒక్క ఫ్రేమ్‌లో, అంటే మ్యాచ్‌లోని ఆఖరి విడి ఆటలో, బ్రౌన్ ఒకే విడతలో 74 పాయింట్లు కొట్టి కప్పు అందుకున్నాడు.

స్నూకర్‌లో ఇలాంటి సంచలనాలకు ఆట తీరులోనే తావుంది. టెన్నిస్‌లో ఎదుటివాడు కొట్టిన ప్రతి బంతికీ బదులివ్వవచ్చు. ఇక్కడ అలా కుదరదు. ఒకడు వరసగా బంతులు పాకెట్లో వేస్తున్నంతసేపూ రెండోవాడు, ఎంత మొనగాడైనా సరే, కుర్చీలో కూర్చుని చూడాల్సిందే. పైగా చాలా టోర్నీల తొలి రౌండ్లలో నాలుగు ఫ్రేములు గెలిస్తే చాలు. అంత చిన్న మ్యాచ్‌లో మేటి ఆటగాడు కాస్త తడబడినా కోలుకునే వ్యవధి దొరకదు.

అందుకే ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో వచ్చే సంచలనం మరీ అరుదైనది. అక్కడ ఫైనల్ గెలవాలంటే 18 ఫ్రేములు నెగ్గాలి. అదృష్టం అంతదూరం తోడు రాదు. 1986లో బ్రాడ్‌ఫర్డ్‌కు చెందిన జో జాన్సన్ షెఫీల్డ్‌లోని క్రూసిబుల్ థియేటర్‌లో అడుగుపెట్టేనాటికి ఆ వేదికపై ఒక్క మ్యాచ్ కూడా గెలిచి ఎరుగడు. పందెం 150కి 1. క్వార్టర్ ఫైనల్లో టెర్రీ గ్రిఫిత్స్ చేతిలో 9-12తో వెనకబడ్డాడు. ఇంకో ఫ్రేమ్ పోతే ఇంటికే. అక్కడి నుంచి వరసగా నాలుగు ఫ్రేములు గెలిచాడు. ఫైనల్లో ఆనాటి మకుటంలేని మహారాజు స్టీవ్ డేవిస్‌ను 18-12తో ఓడించాడు. మరుసటి ఏడాదీ ఫైనల్ చేరాడు. డేవిస్ చేతిలో ఓడినా, మొదటి గెలుపు గాలివాటం కాదని నిరూపించాడు.

మరి జాబితాలు ఎందుకు పొరబడతాయి? స్నూకర్ ర్యాంకు గత రెండేళ్ల ప్రైజ్‌మనీ లెక్క. ఆటగాడు నిన్న సంపాదించింది అందులో కనబడుతుంది, ఇవాళ ఎంత ఎదిగాడో కనబడదు. 2025లో ప్రపంచ విజేతగా నిలిచిన తొలి ఆసియా ఆటగాడు, చైనాకు చెందిన జావో షింటాంగ్, అమెచ్యూర్ హోదాలో అర్హత పోటీల నుంచి వచ్చాడు. అయితే అతను 2021లోనే యూకే ఛాంపియన్‌షిప్ గెలిచినవాడు. నిషేధం వల్ల ఆటకు దూరమై ర్యాంకు పోయింది గానీ, చేతి నైపుణ్యం పోలేదు.

సంచలన విజేతలను అదృష్టవంతులని కొట్టిపారేయడం అన్యాయం. బంతిని పాకెట్లోకి పంపేది ర్యాంకు కాదు, ఏళ్ల సాధన. ఈసారి టోర్నీ చూసేటప్పుడు జాబితా అడుగున ఉన్న పేర్లనూ ఓపిగ్గా గమనించండి. రేపటి ఛాంపియన్ అక్కడే ఉండవచ్చు.