ముహూర్తంతో పాటు ఒక కాగితం

శంకుస్థాపనకు ముహూర్తం చూపించని వాళ్ళుంటారా చెప్పండి! మరి అక్కడ పనిచేసే కూలీల ప్రాణాల సంగతో?

2023 జులైలో మా మేళ్లచెరువులో సిమెంటు ఫ్యాక్టరీ కొత్త కట్టడం దగ్గర లిఫ్టు కూలి, పొట్టకూటికొచ్చిన కూలీలు చనిపోయారు. తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

పదిమంది, అంతకు మించి కూలీలుండే కట్టడాలకు 1996 చట్టం ఒక పద్ధతి పెట్టింది. పని మొదలుకు 30 రోజుల ముందే ఇన్‌స్పెక్టరుకు రాసివ్వాలని అది చెప్పేది. పని ఎక్కడ, ఎంతమంది, ఏ యంత్రాలు, ఎన్నాళ్ళు, బాధ్యుడెవరు అన్నవన్నీ అందులో ఉండాల్సి వచ్చేది. ముందే తెలిస్తేనే కదా అధికారి వచ్చి చూసేది! 2025 నవంబరులో అమల్లోకొచ్చిన కొత్త కోడ్ కూడా పని మొదలు గురించి నోటీసు ఇవ్వాలంటుంది.

మనవాళ్ళు అలాంటి పనికెళ్తుంటే, "నోటీసు ఇచ్చారా?" అని కాంట్రాక్టరును అడగమందాం. అడిగితే పోయేదేముంది?