టరాంటులా నిర్మోచనం - పెంపకందారుని నిరీక్షణ: ఒక వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
సాలీళ్లలో పెద్దవైన టరాంటులాలను పెంచేవారికి ఎక్కువ సందేహాలు కలిగించేది అవి కుబుసం విడిచే దశ. వారాల తరబడి ఆహారం ముట్టకపోవడం, కదలకపోవడం, చివరికి వెల్లకిలా పడి ఉండడం చూసి జబ్బుగానో మరణంగానో పొరబడే అవకాశం ఉంది. ఈ దశలో శరీరంలో జరిగే మార్పులను వివరించడం, నిరీక్షణకాలంలో చేయదగినవీ చేయరానివీ నిర్ధారించడం, ఆంధ్రదేశానికే చెందిన గుత్తి నీలి టరాంటులా ఆధారంగా ఈ ప్రక్రియకు జాతిసంరక్షణతో గల సంబంధాన్ని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: టరాంటులా, నిర్మోచనం, కుబుసం, గుత్తి, తూర్పు కనుమలు, అనకాపల్లి.

1. ఉపోద్ఘాతం

కుబుసం అనగానే తెలుగువారికి పాము గుర్తుకు వస్తుంది. అయితే కుబుసం విడవడం పాములకే పరిమితం కాదు. కీటకాలు, సాలీళ్లు, తేళ్లు, పీతలు, రొయ్యలు చేరిన ఆర్థ్రోపొడా వర్గమంతటికీ ఇది తప్పనిసరి. దీనినే జంతుశాస్త్రంలో నిర్మోచనం అంటారు.

చెరకుకూ బెల్లానికీ పేరుపొందిన అనకాపల్లిలో 1913లో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏర్పడింది. అక్కడి రైతులకు చిరపరిచితమైన చెరకు పీక పురుగు కూడా కుబుసం విడుస్తూనే పెరుగుతుంది. కానీ అది రెక్కల పురుగుగా మారిన తరువాత మళ్లీ కుబుసం విడవదు. ఆడ టరాంటులా మాత్రం యుక్తవయస్సు వచ్చిన తరువాత కూడా జీవితాంతం కుబుసం విడుస్తూనే ఉంటుంది. పెంపకందారుని నిరీక్షణ ఏళ్ల తరబడి పునరావృతం కావడానికి ఇదే కారణం.

పాము కుబుసానికీ సాలీడు కుబుసానికీ ముఖ్యమైన భేదం ఉంది. పాము విడిచేది చర్మపు పైపొరను మాత్రమే. దాని ఎముకలు లోపల యథాతథంగా ఉంటాయి. సాలీడు విడిచేది కైటిన్‌తో ఏర్పడిన బాహ్యాస్థిపంజరాన్నే. కోరలు, కాళ్ల తొడుగులు, పుస్తకాకార ఊపిరితిత్తుల లోపలి పొర, ఆహారనాళపు ముందుభాగపు పొర కూడా దానితో పాటే ఊడివస్తాయి. అందుకే పాముకంటే సాలీడుకు ఈ ఘట్టం చాలా ప్రమాదకరమైనది.

2. తూర్పు కనుమల టరాంటులాలు

టరాంటులా విదేశీ జీవి అనే భావన ఉన్నప్పటికీ, ప్రపంచవ్యాప్తంగా పెంపకందారులు కోరుకునే జాతులలో ఒకటి తెలుగు ఊరి పేరుతోనే ప్రసిద్ధమైంది. 1899లో రెజినాల్డ్ ఇన్నెస్ పోకాక్ అనంతపురం ప్రాంతంలోని గుత్తిలో దొరికిన నమూనా ఆధారంగా పోసిలోథీరియా మెటాలికా అనే జాతిని వర్ణించాడు. ఆ నమూనా రైల్వే కలప నిల్వస్థలంలో లభించింది. కనుక అది కలపతో పాటు వేరొక అడవి నుండి రైలులో చేరి ఉంటుందని పరిశోధకులు భావించారు. శతాబ్దకాలం తరువాత, 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్యగల అడవిలో ఈ జాతి మళ్లీ కనిపించడం ఆ ఊహకు బలం చేకూర్చింది. తూర్పు కనుమల నుండే పోసిలోథీరియా టైగ్రినవెసెలి అనే మరొక జాతిని 2006లో ఆండ్రూ స్మిత్ వర్ణించాడు.

ఇవి చెట్ల తొర్రలలో నివసించే జాతులు. ముదురు చెట్లు నరికివేతకు గురైతే వీటికి ఆశ్రయం ఉండదు. గుత్తి టరాంటులాను అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య 2008లో తీవ్రంగా అంతరించిపోతున్న జాతిగా గుర్తించింది. 2019లో పోసిలోథీరియా ప్రజాతి మొత్తం సైటిస్ ఒప్పందపు రెండవ అనుబంధంలో చేరింది.

3. నిర్మోచన ప్రక్రియ

బాహ్యాస్థిపంజరం గట్టిపడిన తరువాత సాగదు. లోపలి శరీరం పెరగాలంటే పాత కవచం తొలగిపోవాలి. ఇందుకు సన్నాహం బయటికి కనిపించడానికి ఎంతో ముందే మొదలవుతుంది. ఎక్డైసోన్ వర్గానికి చెందిన హార్మోన్ల ప్రభావంతో పాత కవచం కింద మెత్తని కొత్త కవచం ముడుతలుగా ఏర్పడుతుంది. రెండింటి మధ్య చేరిన నిర్మోచన ద్రవం పాత కవచపు లోపలి పొరలను కరిగిస్తుంది.

సాలీడు కాళ్లలోని ముఖ్యమైన కీళ్లను చాచే కండరాలు లేవు. హీమోలింఫ్ అనే శరీరద్రవం ఒత్తిడితోనే ఆ కాళ్లు చాచుకుంటాయి. నిర్మోచన సమయంలో కూడా ఇదే ఒత్తిడి పనిచేస్తుంది. గుండె వేగం పెరిగి, ఉదరంలోని ద్రవం ముందుభాగానికి చేరుతుంది. ఉదరం కుంచించుకుపోతుంది, శిరోవక్షపు కవచం అంచుల వెంట పగిలి మూతలా లేస్తుంది. ఆపై సాలీడు కాళ్లన్నిటినీ పాత తొడుగులలోనుండి నెమ్మదిగా బయటికి లాగుకుంటుంది. చిన్న పిల్లలకు ఇది గంటలోపే ముగియవచ్చు. పెద్దవాటికి కొన్ని గంటలు పడుతుంది.

పోగొట్టుకున్న కాలు కూడా నిర్మోచనంలోనే తిరిగి మొలుస్తుంది. మొదట చిన్నదిగా ఉండి, తరువాతి నిర్మోచనాలలో క్రమంగా పూర్వపు పొడవుకు చేరువవుతుంది.

4. నిరీక్షణలో గుర్తించవలసిన లక్షణాలు

ఆహారం మానివేయడం, ఒంటి రంగు వెలవెలబోవడం, ఆశ్రయం ముఖద్వారాన్ని సాలెపట్టుతో మూసుకోవడం సాధారణంగా కనిపించే సూచనలు. అమెరికా ఖండపు జాతులు కొన్ని ఉదరం మీది నూగును రాల్చుకుంటాయి. ఆ బోడిచోట నలుపెక్కితే నిర్మోచనం దగ్గరపడినట్లు. మన పోసిలోథీరియాలకు అటువంటి దురద కలిగించే నూగు లేదు కనుక ఈ గుర్తు వీటికి వర్తించదు.

ఆహారం మానిన కాలం వారాలు కావచ్చు, నెలలు కూడా కావచ్చు. పిల్లలు కొద్ది వారాలకొకసారి కుబుసం విడిస్తే, పెద్ద ఆడవాటికి ఒక్కొక్క నిర్మోచనానికి ఏడాది లేదా అంతకుమించి పట్టవచ్చు. కనుక కేవలం తిండి మానడం జబ్బుకు నిదర్శనం కాదు. ఉదరం నిండుగా ఉంటే ఆందోళన అనవసరం. ముడుచుకుపోతే నీటికొరతను అనుమానించాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది శరీరభంగిమ. నిర్మోచనంలో ఉన్న టరాంటులా సాధారణంగా వెల్లకిలా గానీ పక్కకు ఒరిగి గానీ ఉంటుంది. మరణించే టరాంటులా సాధారణంగా నిటారుగానే ఉండి, కాళ్లు కిందికి ముడుచుకుంటుంది. ఈ భేదం తెలియక వెల్లకిలా ఉన్నదానిని చనిపోయిందని పారవేస్తే, బతికి ఉన్న జీవిని చంపినట్లే.

5. చేయదగినవి, చేయరానివి

ఆహారంగా వేసిన బతికున్న చిమ్మెట లేదా బొద్దింక లోపల మిగిలి ఉంటే దానిని వెంటనే తీసివేయాలి. మెత్తని శరీరంతో కదలలేని టరాంటులాను ఆ చిన్న పురుగే కొరికి చంపగలదు. పట్టుపురుగుల పెంపకంలో కుబుసం విడిచే వేళ ఆకు వేయడం నిలిపివేసే పద్ధతి రైతులకు తెలిసినదే. ఇక్కడ ఆహారం నిలపడమే కాదు, మిగిలినదానిని తొలగించడం కూడా అవసరం.

శుభ్రమైన నీరు ఎల్లప్పుడూ అందుబాటులో ఉండాలి. ద్రవపు ఒత్తిడి మీద ఆధారపడిన ప్రక్రియకు నీటికొరత ప్రమాదకరం. అయితే అనకాపల్లి వంటి తీరానికి దగ్గరి ఊళ్లలో గాలిలోనే తేమ అధికం. అక్కడ పెట్టెను పదేపదే తడపడంకన్నా గాలి ఆడేటట్లు చూడడం మేలు. లేకపోతే బూజు పడుతుంది. పెట్టెను కదపడం, సాలీడును తాకడం, పాత తొడుగును చేతితో లాగడం పూర్తిగా మానాలి.

కుబుసం విడిచిన వెంటనే కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. అవి ఎరుపెక్కి, ఆపై నల్లబడి గట్టిపడేవరకు ఆహారం వేయరాదు. పిల్లలకు కొద్ది రోజులు, పెద్దవాటికి సుమారు 10 నుండి 14 రోజులు ఆగడం మంచిది.

6. కుబుసం విలువ

విడిచిన కుబుసం పారవేయదగిన పెంట కాదు. ఉదరపు లోపలి పొరలో శుక్రగ్రాహిక ఆనవాలు చూసి, జీవిని తాకకుండానే అది ఆడదో కాదో గుర్తించవచ్చు. 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనం టరాంటులా కుబుసాలలోని డి.ఎన్.ఎ. ద్వారా జాతిని నిర్ధారించి, అక్రమ వ్యాపార నియంత్రణకు ఉపయోగించవచ్చని చూపింది.

సంతానోత్పత్తికి కూడా నిర్మోచనం కీలకం. ఆడది కుబుసంతో పాటే శుక్రగ్రాహిక పొరనూ, అందులో నిలువ ఉన్న శుక్రకణాలనూ కోల్పోతుంది. జతకట్టిన తరువాత గుడ్లు పెట్టకముందే నిర్మోచనం జరిగితే ఆ జోడింపు వృథా. మగది చివరి నిర్మోచనంతో యుక్తవయస్సుకు చేరి, ఆపై ఎక్కువకాలం జీవించదు. అరుదైన జాతిని పంజరంలో వృద్ధిచేయాలనుకునేవారు ఈ రెండు కాలాలనూ సరిపోల్చుకోవలసి ఉంటుంది.

7. ముగింపు

- నిర్మోచనం రోగం కాదు, పెరుగుదలకు ఏకైక మార్గం. ఆ సమయంలో పెంపకందారుని ప్రధాన కర్తవ్యం జోక్యం చేసుకోకపోవడమే.
- వెల్లకిలా ఉన్న భంగిమను మరణంగా భావించరాదు.
- 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం సైటిస్ జాబితాలోని సజీవ జీవులను కలిగి ఉన్నవారు వాటి వివరాలను నమోదు చేయించాలని నిర్దేశిస్తున్నది. కనుక పోసిలోథీరియాల పెంపకం కేవలం సొంత ఇష్టానికి సంబంధించినది కాదు.
- ఇంట్లో పెట్టెలోని టరాంటులాకు కావలసింది కొన్ని వారాల నిశ్శబ్దం. అడవిలోని టరాంటులాకు కూడా అదే కావాలి. దానికి తోడు కుబుసం విడిచేవరకు దాగి ఉండడానికి నరకని చెట్టు తొర్ర ఒకటి ఉండాలి. ఈ రెండవ అవసరాన్ని తీర్చడం పెంపకందారుని ఒక్కడి చేతిలో లేదు.