ఊ కొట్టే వేళ్లు

రండిరా, అరుగు మీదికి రండి. సకినాలు తలా రెండు తీసుకోండి, మూడోది మీ నానమ్మ చూడకుండా.

నా చిన్నప్పుడు మా హన్మకొండ వాడల్లో ఒగ్గుకథ పెడితే తెల్లారేదాకా కూచునేవాళ్లం. నాకు కథకుడి కన్నా పక్కన ఊ కొడుతూ వంత పలికేవాళ్లే ఇష్టం. వాళ్లు అందుకోకపోతే ఎంత మొనగాడి కథైనా మధ్యలోనే ఆగిపోతుంది.

అట్లా ఊ కొట్టేవాళ్లు ఇప్పుడు ఫోన్‌లోకీ వచ్చారు. మొన్న మీ అక్క ఫోన్‌లో కౌన్సెలర్‌తో రాతలోనే మాట్లాడుతోంది. ‘మొఖం చూడకుండ మనసెట్ల తెలుస్తదే?’ అన్నా. ‘తెలుస్తది తాతా, అడుగుతరు’ అంది.

ఆ మాటలోనే ఉంది కిటుకంతా. ఎదురుగా ఉంటే తల ఊపొచ్చు, మంచినీళ్ల గ్లాసు ముందుకు జరపొచ్చు. రాతలో ఆ ఊ కూడా వేళ్లతోనే కొట్టాలి. పిల్ల ‘పరీక్ష పోయింది. ఏం లేదు లెండి’ అని రాసిందనుకోండి. మనమైతే ‘మళ్లీ రాద్దువులే’ అనేస్తాం. కౌన్సెలర్లు అట్లా అనరు. ‘ఏం లేదంటున్నారు గానీ చాలా బాధపడుతున్నట్టు అనిపిస్తోంది. నిజమేనా?’ అని రాస్తారు. చివర ఆ ‘నిజమేనా’ ఉంది చూశారూ, అది పులుసులో ఉప్పు సరిపోయిందా అని తినేవాళ్లను అడగడం లాంటిది. బాధకు పేరు పెట్టి తిరిగి మనిషికే అప్పజెప్పే ఈ పద్ధతిని అమెరికాలో కార్ల్ రోజర్స్ అనే ఆయన 1940లలోనే బాగా ప్రచారంలోకి తెచ్చాడు.

పేరు పెడితే ఏమొస్తుందంటారా? మక్కచేను కావలికి మంచె మీద పడుకున్నప్పుడు చీకట్లో గరగరమంటే గుండె దడదడలాడుతుంది. ‘అడవిపంది!’ అని తెలిసిందా, డబ్బా అందుకుంటాం. దీన్నే పరీక్షిస్తూ 2007లో మాథ్యూ లీబర్‌మన్ అనే శాస్త్రవేత్త బృందం మనుషుల్ని స్కానర్‌లో పడుకోబెట్టి, కోపపు ముఖాలూ భయపు ముఖాలూ చూపించింది. చూసిన భావానికి మాటతో పేరు పెట్టినప్పుడు మెదడులో బాదంగింజంత అమిగ్డాలా అనే భాగం సద్దు తగ్గింది.

ఇంకో చిక్కుంది. గదిలో మౌనం మంచిదే. ఫోన్‌లో మౌనమైతే, ‘నా గోడు విని పారిపోయిందేమో’ అనిపిస్తుంది. అందుకే ‘చదువుతున్నాను, రెండు నిమిషాలు’ అని రాస్తే అదే పెద్ద ఊరట. పొడుగ్గా రాసే పిల్ల ఉన్నట్టుండి ‘సరే.’ అని చుక్క పెట్టిందా, అక్కడ ఆగి అడగాలి. ‘బతకాలని లేదు’ అని వస్తే మాత్రం రాత చాలదు, గొంతు వినబడాలి. 2022 అక్టోబర్ 10న మొదలైన టెలీ మానస్ అనే సహాయ ఫోన్ లైను ఉంది, నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు.

‘మరి మిషనుతో ఊ కొట్టించొచ్చు గదా తాతా?’ అంటాడు వీడు. కొట్టించారురా! 1966లో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలైజా అనే ప్రోగ్రాం చేశాడు. మనం రాసిందాన్నే తిప్పి ప్రశ్నగా అడిగేది, అంతే. అది తయారవుతుండగా చూసిన ఆయన సెక్రటరీ కూడా దాంతో నాలుగు మాటలు కాగానే, ‘మీరు కాస్త బయటికెళ్తారా’ అందట. పాపం, జనం మిషనుకే మనసు విప్పేస్తున్నారన్న దిగులు ఆయనకి చాలా ఏళ్లు పోలేదు.

ఏయ్, మూడో సకినం ఎవడ్రా తీసింది?