అమ్మకు ఇంగ్లిష్ ఎంత వచ్చు?

టెక్సాస్‌లోని ఫ్రిస్కోలోనో, న్యూజెర్సీలోని ఎడిసన్‌లోనో ఉంటున్న మనవాళ్ల ఇంటికి ఏదో ఒక ఏడాది సెన్సస్ బ్యూరో నుంచి కవరు రావచ్చు. 'అమెరికన్ కమ్యూనిటీ సర్వే' అది. ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు వెళ్తుంది. ఇంట్లో అయిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరి గురించీ అడుగుతారు: ఇంగ్లిష్ కాక వేరే భాష మాట్లాడతారా, ఏ భాష, ఇంగ్లిష్ ఎలా మాట్లాడతారు అని. చివరిదానికి నాలుగు జవాబులు. చాలా బాగా, బాగా, అంతంత మాత్రం, అసలు రాదు. మొదటిది తప్ప ఏది గుర్తు పెట్టినా, 'బాగా' అన్నా సరే, ఇంగ్లిష్ పరిమితంగా వచ్చినవారి కిందే లెక్క.

ఇంట్లో వేరే భాష మాట్లాడేవారు 1980లో 2.3 కోట్లు. 2019 నాటికి దాదాపు 6.8 కోట్లయ్యారు. ఆ పెరుగుదలలో తెలుగు ముందు వరసలో ఉందని మనం సంబరపడ్డాం. పడాల్సిందే. కానీ వెళ్లినవాళ్లలో ఎక్కువమంది ఇంజినీరింగ్ చదివి హెచ్-1బీ మీద వెళ్లినవాళ్లు కాబట్టి మన సగటు ఘనంగా కనిపిస్తుంది. ఆ సగటు చాటున అమ్మానాన్నలు మరుగున పడిపోతున్నారు.

ఫారం ఇంటిల్లిపాదికీ ఒక్కరే నింపుతారు. అమ్మ ఇంగ్లిష్‌కు మార్కులు వేసేది కొడుకో కోడలో అన్నమాట. షాపులో నాలుగు మాటలు మాట్లాడుతుంది కదా అని 'చాలా బాగా' దగ్గర గుర్తు పెట్టేస్తే, డాక్టరు ముందు ఆవిడ పడే అవస్థ ఏ లెక్కలోకీ రాదు. విజిటర్ వీసా మీద వచ్చినా, అక్కడ రెండు నెలలకు మించి ఉండేవారిని ఆ ఇంటివారిగానే రాయాలి. చుట్టపుచూపుగా వచ్చారని వదిలేయకూడదు.

ఈ లెక్కల మీదే చాలా ఆధారపడి ఉంటాయి. ఓటరు పత్రాలు ఏ భాషలో ఇవ్వాలో తేల్చడానికి చట్టం చూసేది వీటినే. అక్కడ మనవాళ్లంతా 'ఆసియన్ ఇండియన్' అన్న ఒకే గుంపు. ఆ గుంపు పేరుమీద న్యూయార్క్‌లోని క్వీన్స్‌లో బెంగాలీకీ, షికాగో ఉన్న కుక్ కౌంటీలో హిందీకీ చోటు దక్కింది.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఆసుపత్రి. నానమ్మ గుండెనొప్పి గురించి పదేళ్ల మనవడు డాక్టరుకు చెప్పాల్సిన పరిస్థితి రాకూడదు. ఆవిడ సిగ్గుపడి దాచుకునే జబ్బులుంటాయి, వాడు మోయలేని మాటలుంటాయి. ఇంగ్లిష్ రానివారికి ప్రభుత్వ సేవలు అందేలా 2000లో క్లింటన్ ఇచ్చిన ఉత్తర్వును 2025 మార్చిలో ట్రంప్ రద్దు చేసి, ఇంగ్లిష్‌ను అధికార భాషగా ప్రకటించారు. అయినా పౌరహక్కుల చట్టం, ఆరోగ్య చట్టం అలాగే ఉన్నాయి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి ఉచితంగా దుబాసీని ఏర్పాటు చేయాలి. అత్యవసరమైతే తప్ప పిల్లల చేత ఆ పని చేయించకూడదు. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే 'తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి' అని అడగండి. ఫోన్లోనైనా సరే.